నేల కింద రికార్డు గది



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం పంపవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. శాలిబండ వాడిని కావున ఏ చార్మినారు గురించో, గోలకొండ గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటిని గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. అందువల్ల ఈసారి నేల మీది కట్టడాలను వదలి నేల కిందికి దిగదలచాను.

పాతనగరంలో పెరిగిన వారందరికీ చార్మినారు నుంచి గోలకొండకు సొరంగం ఉన్నదన్న మాట చిన్నప్పటి నుంచి తెలిసినదే. విననివారు లేరు, నడిచి చూసినవారు లేరు. ఆ సొరంగాన్ని అలా ఉంచి, నిజంగా ఉన్నవాటి సంగతి చూద్దాం. ఏ రాజూ తవ్వించనివి, ఏ కాంట్రాక్టరూ బిల్లు పెట్టనివి అయిన గుహలు మన తెలుగునేల కింద ఉన్నాయి. నంద్యాల జిల్లాలో బెలూం, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం, అరకు దారిలో బొర్రా వాటిలో ముఖ్యమైనవి. పొరుగున బస్తరులో కాంగేర్ లోయ జాతీయ వనం అడుగున ఇటువంటివే మరికొన్ని ఉన్నాయి.

వీటి అందాన్ని గురించి పర్యాటక శాఖ కరపత్రాలు చాలానే చెబుతాయి. నేను ముప్ఫై నాలుగేళ్లు సర్కారు దఫ్తరులో ఫైళ్లు కట్టిన మనిషిని. నా కళ్లకు అవి చూడముచ్చటైన చోట్లుగానే కాక, రికార్డు గదులుగా కూడా కనిపించాయి. రికార్డు గది అన్నాక కొన్ని ప్రశ్నలు వస్తాయి. అందులో ఏం భద్రమై ఉన్నది? ఎవరి పేరు నమోదైంది, ఎవరిది కాలేదు? దానిని ఎవరు కాపాడుతున్నారు? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసం.

మన రాయి, వారి రాయి

హైదరాబాదు చుట్టూ ఇన్ని గుట్టలుండగా ఇక్కడ అటువంటి గుహలు ఎందుకు లేవని మనవలు అడుగుతుంటారు. జవాబు రాయిలోనే ఉన్నది. మౌలాలి గుట్ట, గోలకొండ గుట్ట గ్రానైటు రాతివి. ఆ రాయి ఎండకు, వానకు పగులుతుంది, పొరలుగా ఊడుతుంది, గుండు మీద గుండుగా నిలబడుతుంది. కాని నీటిలో కరగదు. అందువల్ల మన గుట్టల్లో గుండ్ల సందుల్లో దాగుకోవడానికి చోటు దొరుకుతుంది గాని మైళ్ల కొద్దీ లోపలికి పోయే గుహ ఏర్పడదు.

బెలూం ఉన్నది సున్నపురాయిలో. ఆ రాయి మనకు పరాయిదేమీ కాదు. మన పాత ఇళ్లలో వేసవి మధ్యాహ్నం చల్లగా ఉంటుందని నేల మీద నడుం వాల్చేవాళ్లం గదా, ఆ నాపరాళ్లు, బేతంచెర్ల బండలు, కడప బండలు సున్నపురాతివే. భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అని పిలిచే పొరలో నుంచి బేతంచెర్ల బండలూ వచ్చాయి, బెలూం గుహలూ ఏర్పడ్డాయి. ఆ రాయి వయస్సు కోట్ల సంవత్సరాల్లో కాదు, పదుల కోట్ల సంవత్సరాల్లో చెప్పవలసినంత పాతది.

ఇక గుహ ఎలా ఏర్పడుతుందో చూద్దాం. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని బహు పలుచని ఆమ్లంగా మారుతుంది. గోలీసోడాలో నాలుకకు చురుక్కుమనేది అదే. ఆ నీరు రాతి పగుళ్లలోకి దిగి సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి తీసుకుపోతుంది. పగులు సందవుతుంది, సందు గొందవుతుంది, గొంది మండపమవుతుంది. కొన్నాళ్లకు నీటిమట్టం ఇంకా కిందికి దిగిపోగా మిగిలిన ఖాళీయే గుహ.

అక్కడితో నీటి పని ముగియదు. పైకప్పు నుంచి చుక్క వేలాడుతుంది. దానిలోని వాయువు గుహ గాలిలోకి పోగానే, అది మోసుకొచ్చిన సున్నాన్ని ఇక పట్టి ఉంచలేదు. ఒక సన్నని పొరగా అక్కడే వదిలేస్తుంది. అలా పైనుంచి ఊడలా దిగేది స్టాలక్టైటు, కింద పడిన చుక్కల వల్ల పుట్టలా లేచేది స్టాలగ్మైటు. రెండూ కలిస్తే స్తంభం. బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున గీకినా పోని తెల్లటి పొర కట్టడం మన ఇంటి ఆడవాళ్లందరికీ తెలుసు. అదీ ఇదీ ఒకే పదార్థం. గిన్నెలో నెలల్లో పేరుకునేది గుహలో అంగుళం ఎదగడానికి వందల ఏళ్లు, కొన్నిచోట్ల వేల ఏళ్లు పడుతుంది.

మరొక ముచ్చట కూడా మనవి చేస్తాను. 1591లో కట్టిన చార్మినారును నిలబెట్టినది గ్రానైటు రాయితో పాటు సున్నపు గచ్చు. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే దానిలోని వాయువు పోయి సున్నం మిగులుతుంది. దానికి నీళ్లు పోసి, గానుగలో ఆడించి, గోడకు పట్టిస్తే అది గాలిలో నుంచి పోయిన వాయువును తిరిగి పీల్చుకొని మళ్లీ రాయి అవుతుంది. గుహలో చుక్క నీరు తీరికగా చేసే పనిని మన పాతకాలపు మేస్త్రీలు గోడ మీద తొందరగా చేయించుకున్నారన్న మాట.

బెలూంలో కనిపించేవి

కొన్నేళ్ల కిందట ఒక చలికాలంలో మేము కొందరు పెన్షనర్లం కుటుంబాలతో కలిసి బస్సు మాట్లాడుకొని బెలూం వెళ్లి వచ్చాం. కొలిమిగుండ్ల మండలంలో చదునైన పొలాల మధ్య ఉన్నది ఆ చోటు. కొండ లేదు, లోయ లేదు. నేల మీద మూడు పెద్ద గుంతలు మాత్రం ఉంటాయి. మధ్య గుంతలో నుంచి మెట్లు దిగాలి. దగ్గరకు వెళ్లేదాకా కింద ఇంత లోకం ఉన్నదని తెలియదు.

కొలిచిన మేరకు బెలూం గుహల పొడవు 3,229 మీటర్లు. మన లెక్కలో రెండు మైళ్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దారి సందర్శకులకు వీలుగా చేశారు. మన దేశంలో మైదాన ప్రాంతపు గుహల్లో ఇదే అన్నిటికంటే పొడవైనది. ఇంతకంటే పొడవైనవి మేఘాలయ కొండల్లో ఉన్నాయి. లోపల సింహం తలలా కనిపించే తోరణాన్ని సింహద్వారం అన్నారు. వందలాది లింగాలు వేలాడుతున్నట్టున్న చోటును కోటిలింగాలు అన్నారు. ఊడలమర్రి ఉన్నది, పాము పడగల వరుసలా ఉన్న వేయిపడగలు ఉన్నాయి. అన్నిటికంటే లోతున, ప్రవేశం నుంచి 46 మీటర్ల దిగువన పాతాళగంగ ఉన్నది. అక్కడ ఏడాది పొడుగునా నీరు పారుతుంది. అది కొంత దూరం పారి రాతి అడుగున కనిపించకుండా పోతుంది. సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో బెలూం ఊరి బావికి ఆ నీరు చేరుతుందని ఊరివారి నమ్మకం.

సప్తస్వరాల గది అని ఒకటి 2006లో తెరిచారు. అక్కడి సన్నని రాతి ఊడలను తట్టితే లోహం మోగినట్టు ఒక్కొక్కటి ఒక్కో శ్రుతిలో మోగుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఒక్కొక్క అంగుళానికి వందల ఏళ్లు పట్టిన వస్తువును రోజుకు వందమంది తట్టడం ఎంతవరకు సబబో పెద్దలే ఆలోచించాలి.

వయసులో ఉన్నవారికి కాదు గాని మన ఈడు వారికి ఒక హెచ్చరిక. లోపల ఉక్కపోత ఎక్కువ. గొట్టాల ద్వారా బయటి గాలిని లోపలికి పంపిస్తారు. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి గాని దిగరాదు. మోకాళ్ల నొప్పులున్నవారు పాతాళగంగ మెట్ల దగ్గర ఆగిపోవడం మేలు. మాలో నలుగురం అక్కడే ఆగిపోయాం.

కనుగొన్నది ఎవరు?

గుహల దగ్గర ఉండే బోర్డుల్లో, పుస్తకాల్లో తప్పనిసరిగా ఒక వాక్యం ఉంటుంది. ఫలానా దొర ఫలానా సంవత్సరంలో ఈ గుహలను కనుగొన్నారు అని. ఈ వాక్యాన్ని మనం గుమాస్తా కళ్లతో ఒకసారి పరిశీలించాలి.

కర్నూలు సీమ గుహల గురించి అచ్చులో మొదట రాసినవారిలో కెప్టెన్ న్యూబోల్డ్ ఒకరు. బిల్లసర్గం గుహల్లో పూర్వజంతువుల ఎముకలున్నాయని ఆయన 1844లో రాశారు. నలభై ఏళ్ల తరువాత భూగర్భ సర్వే శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ పనిని మళ్లీ చేపట్టారు. మద్రాసు దగ్గర పల్లావరంలో 1863లో పాత రాతియుగపు పనిముట్టును గుర్తించి, మన దేశపు ఆదిమానవ చరిత్రకు తలుపు తెరిచినది ఆయనే. 1880ల నడుమ ఆయన, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కుమారుడు బిల్లసర్గంలో తవ్వకాలు జరిపారు. దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. లిడెక్కర్ అనే శాస్త్రవేత్త 1886లో దానికి కర్నూలు పేరే కలిపి శాస్త్రీయ నామం పెట్టారు. ఈనాడు మన అడవుల్లో ఎక్కడా కనిపించని జంతువు ఒకనాడు కర్నూలు సీమలో తిరిగిందన్న మాట. ఆ సంగతి మనకు చెప్పినది గుహ అడుగున మట్టిలో పదిలంగా ఉన్న ఎముక.

బెలూం గుహలను 1884లో కాగితం మీదకు ఎక్కించినదీ ఫుట్ గారే. ఆ తరువాత సుమారు వంద సంవత్సరాలు ఆ ఫైలు కదలలేదు. 1982, 1983 సంవత్సరాల్లో డానియల్ గెబావర్ నాయకత్వంలో జర్మను గుహాన్వేషకులు వచ్చి లోపలికి దిగి, కొలిచి, పటం గీశారు. ఇప్పుడు గుహలో ఒక మండపానికి ఆయన పేరే పెట్టారు. తగిన గౌరవమే. ఆ నడుమ కాలంలో చుట్టుపక్కల వాళ్లు ఆ గుంతల్లో చెత్త పారబోసేవారు. స్థానికులు కొందరు పట్టుబట్టడంతో 1980లలో ప్రభుత్వం దానిని రక్షిత ప్రదేశం చేసింది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేపట్టి, చెత్త, మట్టి తీయించి, దారులు, దీపాలు వేయించి, 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచింది.

బొర్రా గుహల సంగతి ఇంకా చిత్రం. విలియం కింగ్ జార్జ్ అనే భూగర్భ సర్వే అధికారి 1807లో వీటిని కనుగొన్నారని చాలాచోట్ల రాసి ఉంటుంది. భారత భూగర్భ సర్వే శాఖ ఏర్పడినదే 1851లో. శాఖ పుట్టక ముందు నలభై నాలుగేళ్ల కిందట ఆ శాఖ అధికారి ఎలా వచ్చారు? మన దఫ్తరులో ఇటువంటి తేదీ వేసి నోటు పెడితే సూపరింటెండెంటు ఫైలు మొహాన కొట్టేవాడు. విలియం కింగ్ అనే పేరుగల అధికారి ఆ శాఖలో ఉన్న మాట నిజమే. ఆయన కడప, కర్నూలు రాళ్ల మీద రాసిన గ్రంథం 1872లో అచ్చయింది, తరువాత శాఖాధిపతి కూడా అయ్యారు. కాని అదంతా 1807కు చాలా తరువాతి మాట. ఒకరు వేసిన తేదీని సరిచూడకుండా మరొకరు ఎత్తి రాసుకుంటూ పోతే ఇలాగే ఉంటుంది.

అసలు మాట ఏమంటే, ఈ గుహలు ఎన్నడూ ఎవరికీ తెలియకుండా పోలేదు. బెలూం అనే పేరు బిలం అన్న మాట నుంచి వచ్చిందని చెబుతారు. బొర్ర అంటే ఒడియాలో రంధ్రం. దొర రాకముందే అక్కడ బిలం ఉన్నదని ఊరికి తెలుసు, అందుకే ఊరికే ఆ పేరు నిలిచింది. బొర్రాలో ఆవు కథ ఉన్నది. మేతకు వెళ్లిన ఆవు పైనున్న రంధ్రంలో నుంచి గుహలో పడిందట. వెదుక్కుంటూ దిగిన కాపరికి లోపల లింగాకారపు రాయి కనిపించిందట. శివుడే ఆవును కాపాడాడని గుడి కట్టుకొని నేటికీ శివరాత్రికి గిరిజనులు అక్కడ చేరుతారు. ఈ కథలో తేదీ లేదు, సంతకం లేదు. కాని లోపలికి మొదట దిగినవాడు పశువుల కాపరి అని స్పష్టంగా ఉన్నది. దొరవారి కథలో తేదీ ఉన్నది, ఆ తేదీ లెక్కకు నిలవడం లేదు. ఏది మెరుగైన రికార్డు?

ఈ విషయంలో అమెరికా ఉదాహరణ ఒకటి చెప్పదగినది. కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహ అని ఉన్నది. 1941లో జాతీయ వనమైంది. ఇప్పటికి 680 కిలోమీటర్లకు పైగా కొలిచారు, ప్రపంచంలో ఇంత పొడవైన గుహ మరొకటి లేదు. దాని లోతట్టు దారులను మొదట ప్రపంచానికి చూపిన వారిలో ముఖ్యుడు స్టీఫెన్ బిషప్ అనే నల్లజాతి బానిస. 1838లో యజమాని అతనిని అక్కడ గైడు పనిలో పెట్టాడు. అడుగు లేని గొయ్యి అని అందరూ వెనుదిరిగే చోటును అతడు దాటి అవతలి దారులు చూశాడు. కళ్లు లేని చేపలున్న నదిని చూశాడు. 1842లో జ్ఞాపకం మీదనే గుహ పటం గీశాడు. ఆ పటం 1840ల నడుమ అతని పేరుతోనే అచ్చయింది. ఆ కాలంలో ఒక బానిస పేరు అలా పటం మీద రావడం మామూలు మాట కాదు. 1856లో అతనికి విడుదల దొరికింది. మరుసటి ఏడే చనిపోయాడు. ఎంతో ఆలస్యంగానైనా ఆ దేశం వారు ఇప్పుడు గుహ చరిత్రను అతని పేరుతోనే చెబుతున్నారు. బొర్రాలో, బెలూంలో మనకు దారి చూపినవారి పేర్లు మన బోర్డుల మీద ఎక్కడున్నాయి?

రాతిలో రాసి ఉన్న వానల లెక్క

ఇక గుహలో భద్రమై ఉన్న రికార్డు సంగతి. ఇందుకు బస్తరు దాకా వెళ్లాలి. ఆ సీమ మనకు దూరపుది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ వంశం వాడైన అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరులో రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ చరిత్ర చెబుతుంది. జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ లోయను 1982లో జాతీయ వనంగా ప్రకటించారు. ఆ అడవి అడుగున కుటుంసర్, కైలాస్, దండక్ అనే గుహలున్నాయి. కుటుంసర్‌లో చీకటికి అలవాటుపడి కళ్లు, రంగు తగ్గిపోయిన చిన్న చేపలున్నాయి. వానాకాలంలో నీరు నిండుతుంది గనుక ఆ గుహను మూసి ఉంచుతారు.

దండక్ గుహలోని ఒక స్టాలగ్మైటును శాస్త్రవేత్తలు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. చుక్క చుక్కగా పేరుకున్న ఆ రాయి చెట్టు మాను వంటిది. పొర మీద పొర ఉంటుంది. యురేనియం, థోరియం లెక్కతో పొర వయస్సు తెలుస్తుంది. ఆ పొరలోని తేలిక ఆక్సిజను, బరువు ఆక్సిజను పాళ్లను బట్టి ఆ కాలంలో వానలు బాగా కురిసినవా లేదా అన్నది తెలుస్తుంది. మన జమాబందీ రికార్డులో ఫస్లీ వారీగా పంట రాసుకున్నట్టు, ఆ రాయి క్రీ.శ. 600 నుంచి 1500 వరకు తొమ్మిది వందల ఏళ్ల వానల లెక్క రాసి పెట్టుకున్నది.

ఆ లెక్కలో పద్నాలుగో శతాబ్దం నడిమి నుంచి పదిహేనో శతాబ్దం నడిమి వరకు వానలు పదే పదే, కొన్నిసార్లు ఏళ్ల తరబడి మొహం చాటేసినట్టు ఉన్నది. మన దక్కనులో బహమనీల కాలంలో 1396లో మొదలై ఏళ్ల తరబడి సాగిన దుర్గాదేవి కరువు గురించి చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ కరువును గురించిన మాట మనుషుల నోట, కాగితాల మీద మిగిలింది. అదే కాలపు ఎండలకు సాక్ష్యం ఎవరూ చూడని చీకట్లో రాతి మీద కూడా మిగిలింది. రెండు వేర్వేరు రికార్డులు ఒకే మాట చెబితే ఇక అనుమానం పెట్టుకోనక్కరలేదు.

ఆఫీసులో పనిచేసిన మనకు ఫైలు ముగింపు గుర్తులు తెలిసినవే. ఇంట్లో పిల్లల కోసం వివరిస్తాను. ఫైలు ముగించేటప్పుడు డి.డిస్. అని వేస్తే పదేళ్ల తరువాత కాల్చివేస్తారు. ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా భద్రపరచాలి. ప్రకృతి తన గుహల మీద ఆర్.డిస్. అని వేసి పెట్టింది. దానిని డి.డిస్. చేసేది మనమే. ఇంటికి జ్ఞాపకంగా ఉంటుందని ఒకడు ఊడ విరుచుకుపోతే, ఆ జేబులో పడినది రాయి కాదు, కొన్ని వందల ఏళ్ల వానల లెక్క. చేతి జిడ్డు తగిలినా రాయి నల్లబడుతుంది, దాని మీద సున్నం సరిగా పేరుకోదు. వేడి దీపాలు ఎక్కువసేపు వెలిగితే చీకట్లో ఎన్నడూ లేని నాచు పుడుతుంది.

బొర్రాను కాపాడిన తీర్పు

ఒక ఊడ విరిస్తే అంత నష్టమైతే, కొండకు కొండే తవ్విపోస్తే ఏమవుతుంది? బొర్రా చుట్టూ ఆ భయం నిజంగానే వచ్చింది. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వరకు 1960లలో ఇనుప ఖనిజం కోసం రైలు మార్గం వేశారు. బొర్రాగుహలు స్టేషను ఆ దారిలోదే. గోస్తనీ నది ఆ గుహల ప్రాంతం నుంచే బయలుదేరుతుంది. ఆ అనంతగిరి మండలం షెడ్యూల్డు ప్రాంతం. బొర్రా రిజర్వు అడవి, దాని చుట్టూ 14 గ్రామాలు ఉన్నాయి. అక్కడి రాతిలో ఖనిజం ఉన్నది గనుక ప్రైవేటు వారికి గనుల లీజులు ఇచ్చారు. గిరిజనుల పక్షాన సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకు వెళ్లింది. 1995లో అక్కడ ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతా ఒక మాట మీద నడిచింది. 1970లో సవరించిన 1959 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషను ప్రకారం ఏజెన్సీలో ఏ వ్యక్తీ భూమిని గిరిజనేతరులకు బదలాయించరాదు. అందులో వ్యక్తి అన్న మాటకు ప్రభుత్వం కూడా వస్తుందా? వస్తుందని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తేల్చారు. కనుక ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదు, ఇచ్చిన లీజులు చెల్లవు అన్నారు. దేశంలో గిరిజన ప్రాంతాల గనుల వివాదం ఎక్కడ వచ్చినా నేటికీ ఆ తీర్పును ఉటంకిస్తారు.

ఒక్క మాటకు ఏ అర్థం చెప్పాలన్న దాని మీద పద్నాలుగు ఊళ్ల నేల ఆధారపడింది. జీవితమంతా ఆ రెగ్యులేషన్లు, ఆ జి.ఓ.లు నకలు తీసిన మనవంటి వారికి ఇది గర్వించదగిన సంగతి. మనం రాసిన కాగితం ఎండిపోయిన కాగితం కాదు. సరిగా రాస్తే అది కొండను నిలబెడుతుంది, తప్పుగా రాస్తే నలభై నాలుగేళ్ల ముందే శాఖను పుట్టిస్తుంది. బెలూంలో చెత్త ఆగినదీ, బొర్రా చుట్టూ లీజులు రద్దయినవీ నలుగురు మనుషులు ఊరుకోకపోవడం వల్ల, వారి మాట చివరకు ఒక ఉత్తర్వుగా, ఒక తీర్పుగా కాగితం మీదకు ఎక్కడం వల్ల.

మన వంతు పని

ఇప్పుడు మన సంఘం వారికి మూడు మనవులు.

మొదటిది, పిల్లలను, మనవలను తీసుకొని ఈ గుహలు తప్పక చూడండి. హైదరాబాదు నుంచి బెలూం దూరం సుమారు 320 కిలోమీటర్లు. బొర్రాకు విశాఖ నుంచి రైలులో వెళితే దారి అంతా కొండలు, సొరంగాలు. కాని లోపల ఏదీ ముట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. మనం చెబితే వింటారు.

రెండవది, లోపల దారి చూపే గైడును సార్ ఫొటో తీస్తారా అని మాత్రమే అడగకండి. మీ ఊరేది, మీ పెద్దలు ఈ గుహ గురించి ఏం చెప్పేవారు అని అడగండి. ఇంటికి వచ్చాక తేదీ వేసి రాసి పెట్టండి.

మూడవది ముఖ్యమైనది. మన సభ్యుల్లో రెవెన్యూ, సర్వే, అటవీ, గనుల, పర్యాటక శాఖల్లో పనిచేసినవారు ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో కొలిమిగుండ్ల, బేతంచెర్ల, అనంతగిరి వైపు ఉద్యోగం చేసినవారు, లేదా హైదరాబాదులో ఉండి ఆ ఫైళ్లు చూసినవారు ఉండవచ్చు. ఆ ఫైళ్లలో కొన్ని ఈ పాటికి డి.డిస్. కాలం దాటి పోయి ఉంటాయి. ఇక మిగిలింది మీ జ్ఞాపకమే. ఊరి తరఫున అర్జీ పెట్టినది ఎవరు, సర్వే గొలుసు పట్టుకొని లోపలికి దిగిన చైన్‌మన్ ఎవరు, తాళ్లు, లాంతర్లు తెచ్చి ఇచ్చిన ఊరివారు ఎవరు అన్నది మీలో ఎవరికైనా గుర్తుంటే దయచేసి రాసి సంఘం కార్యాలయానికి పంపండి. నాలుగు వాక్యాలైనా చాలు. చేతివ్రాత బాగాలేకపోయినా ఫరవాలేదు, సాఫు ప్రతి నేను తీసి పెడతాను. ఆ పని ఇంకా మరిచిపోలేదు.

అందరికీ ఆరోగ్యం కలగాలని కోరుతూ,

ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, పాతనగరం, హైదరాబాదు